రానివాడి సంతకం

మా ఉపాధ్యాయ సంఘం సభ ఎక్కడ పెట్టినా ముందు పేర్లు పిలుస్తారు. బతికున్నవాళ్ళవి తర్వాత, పోయినవాళ్ళవి ముందు. ఒక్కో పేరు పిలవగానే సభంతా లేచి నిలబడి ఆ మనిషి తరఫున "హాజరు!" అంటుంది. తొంభై ఏడు మే నెల నాటికి అలాంటి పేర్లు పదకొండు. ఒక్క ఏడాదిలో, ఒక్క మా కొండల్లోనే పదకొండుమంది. ఒకాయన్ని బడి మెట్ల మీద కాల్చారు, లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తుండగా. ఒకావిడను బస్సులోంచి దింపి తీసుకుపోయారు. మూడు రోజుల తర్వాత నది ఆమెను తిరిగి ఇచ్చింది. ఎవరు చంపారని అడిగితే మా ఊళ్ళలో పేరు చెప్పరు, "తుపాకులవాళ్ళు" అంటారు, అంతే. పశువుల మందలున్న దొరలు పెంచిన మూక అది. అడవిలో తిరుగుబాటు చేసేవాళ్ళున్నారు, టీచర్లు వాళ్ళకి చెవులు, సంఘం వాళ్ళకి నోరు అని ఆ మూక నమ్మకం.

ఆ పదకొండు పేర్లూ పిలిచిన గొంతు ఎదిల్మాది. ఎదిల్మా బుస్తోస్, మా సాంతా రీటా శాఖకు కార్యదర్శి. లోమా సేకా బడికి ఇరవై రెండేళ్ళుగా ఒకే ఒక్క టీచరు. అయిదు తరగతులు, ఒకటే గది, ఒకటే నల్లబల్ల. పొట్టి మనిషి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, ఆ పెన్సిలు కోసమే బల్ల కిందా మీదా వెతుక్కునేది. పిల్లలు నవ్వుతుంటే, "నవ్వండర్రా, దొరికినప్పుడు మీ నెత్తినే గుచ్చుతాను" అనేది. ఎవరికీ ఎప్పుడూ గుచ్చలేదు.

నేను సంఘం ఇంట్లో వంట చేసేదాన్ని. ఇప్పటికీ సంఘానికి వంట నేనే. నా పేరు పెత్రోనా. నా చిన్నకూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా బిడ్డను చేతుల్లోకి తీసుకున్నది ఎదిల్మాయే కాబట్టి మేమిద్దరం "వదినా" అంటే "వదినా" అనుకునేవాళ్ళం. ముప్ఫై ఒకటో ఏట నాకు అక్షరాలు నేర్పింది కూడా తనే. నా వంటింటి డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించింది. "ఉప్పు చదివితే ఉప్పు దొరుకుతుంది, చదవకపోతే పంచదార పడుతుంది, నీ ఇష్టం వదినా" అంది. ఒకరోజు చిక్కుళ్ళలో పంచదార పడింది. ఆ రోజు భోజనానికొచ్చిన టీచర్లు ముప్ఫైమందీ ఒక్క మాట అనకుండా తిని పోయారు. అట్లాంటి మనుషులు వాళ్ళు.

రెండు నెలలకోసారి సంఘం ఇంట్లో రెండు రోజుల శిక్షణ ఉండేది. కొండల మీది బడులనుంచి గాడిదల మీద, లారీల మీద, కాలినడకన వచ్చేవాళ్ళు. మొదటి రోజు పాఠాలు, రెండో రోజు మధ్యాహ్నం వరకు పాఠాలు, తర్వాత భోజనం, పాట, ఆట. ఎదిల్మాకు ఆట రాదు. అందరి చెప్పులూ సంచులూ ఒళ్ళో పెట్టుకుని గోడవార కూర్చునేది. ఎవరైనా చెయ్యి పట్టి లాగితే, "నన్ను లాగితే మీ చెప్పులు ఎవరు కాస్తారు?" అనేది.

హాజరు పట్టీ కూడా తన దగ్గరే ఉండేది. పేరు, బడి, ఊరు, సంతకం - నాలుగు గళ్ళు. ఆ పట్టీ నకలు చూపిస్తేనే విద్యాశాఖవాళ్ళు ఆ రెండు రోజులు సెలవు కింద రాసేవాళ్ళు, లేకపోతే బడి ఎగ్గొట్టినట్టు. అందుకని రాలేకపోయిన స్నేహితుడి తరఫున ఇంకొకరు సంతకం గీకడం మామూలే. అందరూ చేసేదే. చేయని మనిషి ఎదిల్మా ఒక్కతే. ఎవరైనా రెండో సంతకం పెడుతూ దొరికితే పెన్సిలుతో వేళ్ళ మీద ఒకటిచ్చేది.

"అబద్ధపు సాక్ష్యం చెప్పకు. ఎన్నో ఆజ్ఞ?"

"ఎనిమిదో ఆజ్ఞ, టీచరమ్మా" అని గడ్డాలొచ్చిన మాస్టార్లు నేల చూసుకుంటూ చెప్పేవాళ్ళు.

ఆ మే నెల శిక్షణకి ఎల్ గువామాల్ బడి మాస్టారు అర్నుల్ఫో మేసా రాలేదు. అతని భార్య నెల్సీకి నెలలు నిండాయి. అంతకుముందు రెండు కాన్పులూ పోయాయి, రెండుసార్లూ అతను ఇంట్లో లేడు. ఈసారి మంచం పక్కనుంచి కదలనని దేవమాత ముందు ఒట్టు పెట్టుకున్నాడు. కాని అతను అప్పటికే రెండు శిక్షణలు తప్పించుకున్నాడు. మూడోదీ తప్పితే నది అవతలికి, రెండు రోజుల దారి ఉన్న బడికి మార్చేస్తామని విద్యాశాఖనుంచి కాగితం వచ్చింది.

శనివారం పొద్దున నేను కోళ్ళ ఈకలు పీకుతుంటే ఎదిల్మా పట్టీ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. తలుపుకి ఆనుకుని నిలబడింది.

"వదినా, ఒక బిడ్డ పుట్టడం కోసం అబద్ధం రాస్తే పాపమా?"

"అర్నుల్ఫో అడిగాడా?"

"అడిగితే తిట్టేదాన్ని. అడగలేదు. అందుకే రాయాలనిపిస్తోంది."

నేనన్నాను, "రాసెయ్యి వదినా. పురిటి గది కోసం పెట్టిన సంతకాన్ని దేవుడే దిద్దుకుంటాడు."

ఆ మాట అన్నది నేనే. ఈ కథ ఎవరికి చెప్పినా ఆ మాట దాచను.

జుట్టులోంచి పెన్సిలు తీసి పక్కన పెట్టి, నా పద్దుల పుస్తకంలోని పెన్ను తీసుకుంది. అర్నుల్ఫో మేసా. ఎల్ గువామాల్ బడి. ఎల్ గువామాల్ ఊరు. నాలుగో గడిలో అతని సంతకంలాగే వాలుగా, తోక పొడుగ్గా పెట్టింది. సిరా ఆరేదాకా ఊదింది, పెన్సిలు మళ్ళీ ముడిలో గుచ్చుకుంది. తర్వాత నా దగ్గరున్న మరియతల్లి బొమ్మకేసి చూసి, "ఒక్కసారే" అంది.

ఆ మధ్యాహ్నం పాఠాలైపోయాక బల్లలు గోడకి జరిపారు. లెక్కల మాస్టారు రమీరో అకార్డియన్ తీశాడు. అధ్యక్షుడు ఎలియేసెర్ పెద్దాయన రెండు పాటలకే రొప్పుతూ కుర్చీలో పడితే, ఎనభై ఏళ్ళ వాళ్ళమ్మ ఇంకా ఆడుతోందని అందరూ ఏడిపిస్తున్నారు. పట్నంనుంచి పాఠం చెప్పడానికి వచ్చిన అమ్మాయి, మార్లెన్, అట్ట అక్షరాలు ఇంకా మెళ్ళో వేసుకునే ఆడుతోంది. నేను పెద్ద డేగిసాలో పులుసు కలుపుతున్నాను: కోడి, కర్రపెండలం, పచ్చి అరటి, కొత్తిమీర.

అకార్డియన్ సగం ఊపిరిలో ఆగిపోయింది. చూస్తే వాకిట్లో తొమ్మిదిమంది. ఇద్దరు వెనక దొడ్డి గుమ్మం ముందు. రోడ్డు మీద తెల్ల ట్రక్కు ఒకటి.

వాళ్ళ నాయకుడు ఒక గళ్ళ చొక్కావాడు. కోపంగా లేడు. తాలూకా ఆఫీసులో గుమాస్తాలాగా ఉన్నాడు. "సంతకాల కాగితం ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు.

ఎదిల్మా గోడవార చెప్పుల మధ్య కూర్చునుంది, పట్టీ తన కింద ఉంది. గళ్ళ చొక్కావాడు తలాడించాడు. ఇద్దరు ఎలియేసెర్‌ని కుర్చీలోంచి లాగి తుపాకీ మడమలతో మొహం మీద కొట్టడం మొదలుపెట్టారు. మూడో దెబ్బకి పళ్ళు నేల మీద పడ్డాయి. వాళ్ళమ్మ మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి ఆ పళ్ళు ఏరుకుంటోంది, మళ్ళీ పెట్టడానికన్నట్టు. అయిదో దెబ్బకి ఎదిల్మా లేచింది.

"నా దగ్గరుంది. ఆయన్ని కొట్టకండి."

పట్టీ తన చేత్తోనే ఇచ్చింది.

వాడు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఇంకో జేబులోంచి చిన్న చీటీ తీశాడు. అందర్నీ బెంచీల మీద కూర్చోబెట్టి, పట్టీ చూస్తూ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు, ఎదిల్మా ఎక్కడ నిలబడి పిలిచేదో సరిగ్గా అక్కడే నిలబడి.

మొదటి పేరు దగోబెర్తో ముసలాయనది. ముప్ఫై అయిదేళ్ళు బడిలో పేర్లు పిలిచినవాడు, సంఘంలో పేరు పిలిస్తే పలికినవాడు. భయంలో మనిషికి అలవాటే మిగులుతుంది. చెయ్యెత్తి, "హాజరు!" అన్నాడు.

తుపాకులవాళ్ళు పడీ పడీ నవ్వారు. "చూశారా, ఎంత బుద్ధిమంతుడో!" అన్నాడొకడు. ఆ తర్వాత పిలిచిన ప్రతివాళ్ళూ అలాగే చెయ్యెత్తి అలాగే పలకాలన్నారు. పలకడం ఆలస్యమైన ఇద్దరికి తల పగిలింది. పేరు పలికినప్పుడల్లా వాడు చీటీ చూసుకునేవాడు. చీటీలో ఉంటే గోడ దగ్గరికి, లేకపోతే కూర్చో.

గోడ దగ్గరికి నలుగురు చేరారు. ఎలియేసెర్, దగోబెర్తో, రమీరో, పట్నం అమ్మాయి మార్లెన్.

అప్పుడు పిలిచాడు. "అర్నుల్ఫో మేసా."

పొయ్యిలో కట్టె చిటపటమనడం వినిపించింది.

"అర్నుల్ఫో మేసా. ఎల్ గువామాల్. సంతకం ఉంది. మనిషేడి?"

ఎదిల్మా లేచి నిలబడింది. "అతను రాలేదు బాబూ. ఆ సంతకం నాది. అతని భార్యకి కాన్పు. సెలవు పోతుందని నేనే పెట్టాను."

"రాలేదా!" అని కళ్ళజోడు పైనుంచి చూశాడు. "రానివాడికి సంతకం ఎవరు పెడతారమ్మా? పొద్దున వచ్చాడు, మా ట్రక్కు చప్పుడు విన్నాడు, గోడ దూకాడు. ఇంతమందిలో తప్పించుకోవడం తెలిసినవాడు ఒక్కడే. అంటే వాడే మీ అందరికీ నాయకుడు."

"దేవుడి మీద ఒట్టు. ఆ చేతి రాత చూడు, నాదే."

"ఏ చేత్తో పెట్టావు?"

"కుడి చేత్తో."

"బల్ల మీద పెట్టు."

సంతకాలు పెట్టే బల్ల అది. పెట్టింది. తుపాకీ మడమతో మూడుసార్లు కొట్టారు. మొదటిసారి అరవలేదు. రెండోసారి "అమ్మా" అంది. మూడోసారి ఏ చప్పుడూ లేదు, వేళ్ళ చప్పుడే. మూడు వేళ్ళు మూడు దిక్కులకి తిరిగిపోయాయి.

ఆ తర్వాత గోడ దగ్గరి నలుగుర్నీ కాల్చారు. అందరూ చూడాలన్నారు, కళ్ళు మూసుకున్న వాళ్ళని జుట్టు పట్టి లేపారు. రమీరో చేతిలోని అకార్డియన్ మీదే పడ్డాడు, అది తనంతట తాను ఒక్కసారి మూలిగింది. మార్లెన్ మెళ్ళోని అట్ట అక్షరాలు రక్తంలో తేలాయి. దగోబెర్తో ముసలాయన ఆఖరున ఏం చేశాడో చెప్పాలి. పక్కనున్న ఆ అమ్మాయి వణుకుతుంటే తన టోపీ తీసి ఆమె మొహానికి అడ్డం పెట్టాడు. మొదటి గుండు ఆ టోపీలోంచే పోయింది. వాళ్ళ ఆత్మలకి శాంతి కలుగుగాక.

గళ్ళ చొక్కావాడు పట్టీ మడిచి జేబులో పెట్టుకుని వాసన పీల్చాడు. "పులుసు బాగున్నట్టుంది. తిని వెళ్దాం. గువామాల్ ఎక్కడికి పోతుంది?"

మగవాళ్ళని నేల మీద బోర్లా పడుకోబెట్టారు. ఆడవాళ్ళని వంటింట్లోకి తోశారు. దొడ్డి గుమ్మం దగ్గర కాపలా ఉన్న ఇద్దరూ తిండి మాట వినగానే ముందుకి వచ్చేశారు.

ఎదిల్మా చేతిని నా కొంగుతో చుడుతున్నాను. తను నా చెవి దగ్గరికి వంగింది.

"వదినా, మిగతావాళ్ళందరికీ తెలుసు పారిపోవాలని. అతనికి తెలియదు. తన పేరు అందులో ఉందనే తెలియదు."

"ఈ చేత్తో ఎలా వెళ్తావు?"

"కాళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు ఎంతసేపు ఆపగలవు?"

గువామాల్‌కి కొండ మీదుగా కాలిబాట రెండు గంటలు. ట్రక్కు దారి చుట్టు, కానీ ముప్పావు గంట.

"వెళ్ళు" అన్నాను.

దొడ్డి గుమ్మం అవతల నీళ్ళు మోసే తొబియాస్ తాత గాడిదతో నక్కి ఉన్నాడు, తుపాకుల చప్పుడుకి పారిపోకుండా. ఎందుకున్నావు తాతా అని తర్వాత అడిగితే, "లోపలివాళ్ళకి దాహం వేస్తుంది కదమ్మా" అన్నాడు. ఎదిల్మాను చూసి ఒక్క మాట అడక్కుండా డబ్బాల్లో నీళ్ళన్నీ నేల మీద పారబోశాడు, చొక్కా విప్పి ఆమె చేతికి ఉయ్యాలలా కట్టాడు, గాడిద మీద కూర్చోబెట్టి ముందు నడిచాడు.

కర్రపెండలం నిజానికి ఎప్పుడో వెన్నలా ఉడికిపోయింది. నేను బుట్టలోంచి పచ్చి దుంపలు చెక్కి నాలుగు గుప్పిళ్ళు డేగిసాలో వేశాను. కింద కట్టెలు రెండు లాగేశాను.

"ఏమ్మా, ఎంతసేపు?" అని ఒకడు వచ్చాడు.

"దుంప ఇంకా రాయిలా ఉంది బాబూ. కావాలంటే చూడు."

కత్తి దించి చూశాడు. పచ్చి ముక్కకే తగిలింది. తిట్టి వెళ్ళాడు. రెండోసారి వచ్చి నా చెంప మీద కొట్టాడు, చెవిపోగు తెగి పొయ్యిలో పడింది. "కొడితే ఉడకదు నాయనా, మంటకి ఉడుకుతుంది" అన్నాను. గళ్ళ చొక్కావాడు అవతలనుంచి నవ్వాడు. "వదిలెయ్రా. మా అమ్మా ఇలాగే అనేది" అన్నాడు. వాడికీ ఒక అమ్మ ఉంది. అది కూడా రాస్తున్నాను.

నాలుగు శవాలు గోడవార ఉండగా వాళ్ళు పేకాట ఆడుతూ దుంప ఉడికేదాకా కూర్చున్నారు. ఉడికాక నేను ఒక్కొక్కరికీ విడివిడిగా వడ్డించాను, ఎముకలు తీసి, నిమ్మకాయ పిండి, అన్నం అడిగితే అన్నం, మిరపకాయ అడిగితే మిరపకాయ. రెండోసారి తినండి అన్నాను. తిన్నారు. వాళ్ళు ట్రక్కు ఎక్కేసరికి రెండు గంటలు దాటింది. మా వదిన చేరి ఉంటుందనుకున్నాను. చేరింది కూడా.

తర్వాత జరిగింది నెల్సీ చెప్పింది. వందసార్లు అడిగి చెప్పించుకున్నాను, ఒక్కసారీ విసుక్కోలేదు.

బిడ్డ ఆ రోజు తెల్లవారుతుండగానే పుట్టింది. ఆడపిల్ల, గట్టిగా ఏడ్చింది. అర్నుల్ఫో వాకిట్లో బాలింత పులుసుకి కోడిని కోస్తున్నాడు. గాడిద మీద వస్తున్న ఎదిల్మాను చూసి కత్తి ఊపాడు.

"ఏంటక్కా, నువ్వు కూడా ఎగ్గొట్టావా! నా వేళ్ళ మీద కొట్టే పెన్సిలేదీ?"

దగ్గరికొచ్చాక ఆ చెయ్యి చూశాడు. ఎదిల్మా దిగకుండానే అంతా చెప్పింది. పట్టీ, సంతకం, నలుగురు.

అతను చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. మంచి మాస్టార్లందరిలాగే అతనికీ జవాబు సరిగ్గా చెప్తే మార్కులు పడతాయనే నమ్మకం. "నేనెందుకు పారిపోవాలక్కా? నేను అసలు రాలేదు కదా. ఊరంతా సాక్ష్యం. మంత్రసాని సాక్ష్యం. వస్తే అదే చెప్తాను."

ఎదిల్మా చొక్కా కట్టు విప్పి చెయ్యి అతని మొహం ముందు పెట్టింది.

"నేను అదే చెప్పాను తమ్ముడూ. వాళ్ళు నమ్మిన తీరు ఇదిగో."

అతను చేతులు కడుక్కోవడం ఆపేశాడు.

"నువ్వూ రా. నెల్సీని కర్రకి కట్టిన గుడ్డ ఊయలలో వేసి మోద్దాం" అన్నాడు.

లోపలికి వెళ్ళి చూసి వచ్చింది ఎదిల్మా. "దాన్ని కదిపితే రక్తం ఆగదు. ఇంట్లో ఎవరూ లేకపోతే చెరకు తోటలన్నీ తగలబెట్టి వెతుకుతారు. వాళ్ళతో మాట్లాడడానికి ఒక మనిషి ఉండాలి."

"నా ఇల్లు. నేనుంటాను."

"పట్టీ నాది" అంది ఎదిల్మా. బడిలో వాడే గొంతుతో అంది. ఆ గొంతుకి ఎదురు చెప్పినవాళ్ళు మా ప్రాంతంలో లేరు.

అతను బిడ్డ నుదుటి మీద సిలువ గుర్తు వేసి, తొబియాస్ తాతతో వాగులోకి దిగాడు. తాత తర్వాత నాకొకటి చెప్పాడు. కొండ ఎక్కినంతసేపూ ఎదిల్మా జపం చేస్తూనే ఉందట, ఎడమచేతి వేళ్ళ మీదే లెక్కపెట్టుకుంటూ. అయిదు అయ్యాక లెక్కకి ఇంకో చెయ్యి లేదని గుర్తొచ్చి, "తాతా, లెక్క తప్పాను, దేవమాత ఏమనుకుంటుందో" అందట.

ట్రక్కు వచ్చేసరికి ఆమె గుమ్మంలో తోలు పీట మీద కూర్చునుంది. ఎడమచేతిలో బిడ్డ.

గళ్ళ చొక్కావాడు దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "అబ్బో, టీచరమ్మా! చెయ్యి పోయినా కాళ్ళు బాగా నడుస్తున్నాయే."

"ఇరవై రెండేళ్ళుగా కొండలెక్కుతున్నాను బాబూ."

"వాడేడి?"

"మధ్యాహ్నం చెప్పాను, అతను రాలేదని. ఇప్పుడూ అదే చెప్తున్నాను. ఇక్కడ లేడు. ఇదిగో కాన్పు, ఇదిగో బిడ్డ. నేను చెప్పింది అబద్ధమైతే ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వాడు ఒంగి బిడ్డని చూశాడు. గదిలోకి తొంగి నెల్సీని చూశాడు, రక్తపు గుడ్డలు చూశాడు. అప్పుడు నమ్మాడు. నెల్సీ చెప్తుంది, నమ్మినట్టు వాడి మొహంలో కనిపించిందని. నమ్మి కూడా, "వాడికి చెప్పడానికే కదా వచ్చావు?" అన్నాడు.

"అవును."

"మమ్మల్ని దుంపలు తింటూ కూర్చోబెట్టి."

ఆమె నా పేరు చెప్పలేదు.

"నా పట్టీలో ఒక పేరు తగ్గింది టీచరమ్మా. మళ్ళీ వాడి తరఫున సంతకం పెడతావా?"

బిడ్డ మొహం మీద ఎండ పడుతోంది. ఎదిల్మా గుడ్డ అంచు సర్ది నీడ చేసింది.

"పెడతాను" అంది.

లేచి లోపలికి వెళ్ళి బిడ్డని నెల్సీ పక్కన పడుకోబెట్టింది. "పాలు పట్టు. చప్పుడు వినిపిస్తే ఆపకు, పట్టిస్తూనే ఉండు" అని చెప్పింది. జుట్టులోంచి పెన్సిలు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అంతవరకూ అది అక్కడే ఉన్న సంగతి ఆమెకే తెలియనట్టు, చూసి కొంచెం నవ్విందట.

బడి గోడ వెనక్కి తీసుకెళ్ళారు. ముందు కర్రలతో కొట్టారు, చాలాసేపు. తర్వాత రెండు గుళ్ళు. నెల్సీ పాలు పట్టిస్తూనే ఉంది. వెళ్తూ వెళ్తూ బడి తాటాకు కప్పుకి నిప్పు పెట్టారు, బాలింత పులుసుకి పెట్టిన కుండ తన్నేశారు. నల్లబల్ల మాత్రం కాలలేదు. దాని మీద గురువారం తేదీ, కింద అర్నుల్ఫో రాసిన లెక్క ఒకటి అలాగే ఉన్నాయి.

మర్నాడు గువామాల్ మగవాళ్ళు ఆమెను ఊయలలో మోసుకుని కొండ దిగారు. దారిలో ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు భుజం మార్చుకున్నారు. లోమా సేకా ఆడవాళ్ళు ఒళ్ళు కడిగారు. విరిగిన వేళ్ళు నేనే సరిచేసి జపమాల చుట్టాను. సరిగ్గా రాలేదు.

అర్నుల్ఫో మూడు రోజులు చెరకులో ఉండి, చేపల లారీలో సముద్రతీరపు పట్నం చేరాడు. నెల్సీ నెల తర్వాత వెళ్ళింది. పిల్లకి ఎదిల్మా అని పేరు పెడతారని అందరూ అనుకున్నారు. పెట్టలేదు. ఆ పేరు మళ్ళీ ఏ పట్టీలోనూ రాయించడం నెల్సీకి ఇష్టం లేకపోయింది. రోసారియో అని పెట్టారు.

సాంతా రీటాలో సంఘం ఇల్లు మూతపడింది, ఏడాదిన్నర సభలే లేవు. ఇప్పుడు సభలు పట్నంలో, చర్చి వెనక గదిలో జరుగుతాయి. వంట నేనే. ఎదిల్మా పోయాక పట్టీ పద్ధతి మారింది. ఊరి పేరుకి గడి లేదు. విద్యాశాఖకి ఒక్క లెక్క మాత్రమే రాసిస్తారు, ఇంతమంది వచ్చారని. సంతకాల కాగితం సభ ముగిసేలోగా నా పొయ్యిలోకి రావాలి. ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. ఆట మొదలవ్వకముందే అది నా దగ్గరికి వచ్చేస్తుంది. తెచ్చేది ఎప్పుడూ అర్నుల్ఫోయే.

అతను ఒక్క సభ మానడు. ఒకసారి చలిజ్వరంతో వచ్చాడు, దుప్పటి కప్పుకుని. పోయినవాళ్ళ పేర్లు ఇప్పుడు కాగితం లేకుండా పిలుస్తారు, నోటికొచ్చు అందరికీ. ఎదిల్మా బుస్తోస్ అనగానే గదంతా "హాజరు!" అని లేస్తుంది. నేనూ గరిటెతోనే లేస్తాను. అర్నుల్ఫో గొంతు మాత్రం అందరికంటే కాస్త వెనక, ఒక్కటే వినిపిస్తుంది. ఎనిమిదేళ్ళయినా అది ముందుకి జరగలేదు.

తర్వాత అతను కాగితం తీసుకుని వంటింట్లోకి వస్తాడు. పొయ్యిలో పెట్టేముందు నా ముందు పరిచి, తన పేరు మీద వేలు పెడతాడు. వాలుగా, తోక పొడుగ్గా.

"చూడు పెత్రోనా అక్కా. నేనే పెట్టాను."

నేను కళ్ళజోడు పెట్టుకుని, పేరు మొత్తం కూడబలుక్కుని చదువుతాను. చదివాక కట్టె పక్కకి జరుపుతాను. అతను కాగితం లోపలికి తోస్తాడు.